గాజుపోగు దారి

రోడ్డు పక్కన కాలువ తవ్వి, అందులో రంగు గొట్టం పరచి, మళ్ళీ మన్ను కప్పి వెళ్ళిపోయే కూలీలను మీలో చాలామంది చూసే ఉంటారు. అది నీళ్ళ గొట్టం కాదు. దాని లోపల ఒక కేబులు, కేబులు లోపల వెంట్రుకల వంటి గాజుపోగులు ఉంటాయి. బెంగళూరు నుంచి చిక్కబళ్ళాపురం, బాగేపల్లి మీదుగా ఆంధ్రప్రదేశ్‌లోకి పోయే పెద్ద రహదారి మీద బస్సులు, లారీలు నడిచినట్టే, ఈ పోగుల్లో మన మాటలు, లెక్కలు, చిత్రాలు కాంతి రూపంలో నడుస్తాయి. ఒక్క చోట తెగితే బ్యాంకులో పని నిలిచిపోతుంది, ఆసుపత్రిలో కంప్యూటరు పలకదు. తెగకుండా దాన్ని ఎలా వేస్తారో, ఇంటి లోపలికి ఎలా తెస్తారో ఈ పాఠంలో తెలుసుకుందాం.

శిడ్లఘట్ట, చింతామణి ప్రాంతాల్లో పట్టుగూళ్ళ నుంచి దారం తీయడం చూసినవారికి సన్నదనం అంటే ఏమిటో తెలుసు. గూటి నుంచి విడివడే ఒంటిపోగు కన్నా కూడా కాంతి నడిచే నడిమి గాజు సన్నం. మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే అందులో సుమారు 9 భాగాలు. దాని చుట్టూ మరో రకం గాజు తొడుగు ఉంటుంది. రెండూ కలిసి 125 భాగాల మందం. తొడుగు గాజు వక్రీభవన గుణకం నడిమి గాజుకన్నా కొంచెం తక్కువ. అందువల్ల ఏటవాలుగా వచ్చి తాకిన కాంతి బయటికి పోలేక లోపలికే తిరిగివస్తుంది. దీన్ని సంపూర్ణాంతర పరావర్తనం అంటారు. 1841లో జెనీవా నగరంలో డానియల్ కొల్లాడన్ నీటి ధారలోకి వెలుగు పంపి, ధార వంగిన చోట వెలుగు కూడా దానితోపాటు వంగడం చూపించాడు.

నీటిలో చూసినదాన్ని గాజులో సాధించడానికి చాలా కాలం పట్టింది. పంజాబులోని మోగాలో పుట్టిన నరిందర్ సింగ్ కపానీ, లండన్‌లో తన గురువు హాప్కిన్స్‌తో కలిసి గాజుపోగుల కట్ట ద్వారా బొమ్మను పంపి, 1954లో ఆ సంగతి ప్రకటించాడు. అయితే ఆనాటి గాజులో కాంతి కొద్ది మీటర్లకే నీరసించేది. తప్పు గాజుది కాదు, అందులోని మలినాలది అని 1966లో చార్లెస్ కావో, జార్జ్ హాక్హమ్ చెప్పారు. 1970లో అమెరికాలో కార్నింగ్ సంస్థవారు అంతటి స్వచ్ఛమైన గాజును తీయగలిగారు. కావోకు 2009లో నోబెల్ బహుమతి లభించింది. నేటి మేలిరకం పోగులో 15 కిలోమీటర్లు నడిచాక కూడా సగం కాంతి మిగిలే ఉంటుంది.

గాజు అంత గొప్పదైనా, దాని ఆయుష్షు మాత్రం వేసేవాడి చేతిలోనే ఉంది. అతిగా లాగితే పోగు తెగుతుంది. అతిగా వంచితే తెగకపోయినా కాంతి బయటికి కారిపోతుంది. కేబులును లాగుతున్నప్పుడు దాని మందానికి 20 రెట్లు, పరచిన తర్వాత 10 రెట్లు వ్యాసార్థం కన్నా చిన్న మలుపు తిప్పకూడదని పనివారి నియమం. 12 మిల్లీమీటర్ల కేబులైతే లాగేటప్పుడు 24 సెంటీమీటర్లన్నమాట.

మన దేశంలో సాధారణ నేలలో కేబులు కాలువను సుమారు 165 సెంటీమీటర్ల లోతు తవ్వాలని ప్రమాణం. అంటే దాదాపు ఒక మనిషి నిలువు. అంత లోతైతే నాగలి తగలదు, మురుగు కాలువ తవ్వేవారి గునపం తగలదు. కాని బాగేపల్లి వైపు నేల మీకు తెలిసిందే. కొద్దిపాటి ఎర్రమట్టి కిందనే బండ ఎదురవుతుంది. అలాంటి చోట లోతు తగ్గించి, గొట్టాన్ని ఇనుప గొట్టంలో దూర్చి గాని, పైన కాంక్రీటు పోసి గాని కాపాడాలి. మన్ను కప్పిన తర్వాత లోతు ఎవరికీ కనిపించదు. కాబట్టి కప్పక ముందే కొలవాలి. రెండు అడుగులకే సరిపెట్టి, పైన కాంక్రీటు కూడా వేయని చోట జేసీబీ పంటికి మొదటి రోజే అందుతుంది. గొట్టానికి పైన కొంత ఎత్తులో హెచ్చరిక పట్టీ పరచి, నేలమీద గుర్తు రాళ్ళు నాటడం కూడా తవ్వేవారిని ఆపడానికే. రాగి దొరుకుతుందని ఆశపడి కేబులు కోసేవారు కూడా ఉన్నారు. ఆ పోగుల్లో ఉన్నది గాజేగాని రాగి కాదు.

గొట్టం పడిన తర్వాత కేబులును తాడు కట్టి లాగవచ్చు. అంతకన్నా మేలు, యంత్రంతో గాలిని బలంగా ఊది లోపలికి తోయడం. అప్పుడు కేబులు మీద లాగుడు బరువు పడదు.

గ్రామ పంచాయతీలకు ఈ దారి వేయాలని కేంద్ర ప్రభుత్వం 2011లో నిర్ణయించింది. మరుసటి ఏడాది ప్రయోగంగా మూడు చోట్ల వేసి చూసింది. రాజస్థాన్‌లోని అరాయిన్, త్రిపురలోని పానిసాగర్‌తోపాటు మూడోది అప్పటి విశాఖపట్నం జిల్లాలోని పరవాడ. 2015లో ఆ పథకానికి భారత్‌నెట్ అని పేరు పెట్టారు. ఆంధ్రప్రదేశ్ ఆ తర్వాత కరెంటు స్తంభాల మీదుగా తన సొంత కేబులు లాగింది. ఇది త్వరగా అయ్యే పని, ఖర్చూ తక్కువ. కాని గాలికి ఊగే కేబులుకు తగినంత వదులు ఉండాలి, కరెంటు తీగకు తగినంత ఎడం ఉండాలి. తెలంగాణ మరో ఉపాయం చేసింది. మిషన్ భగీరథ నీళ్ళ గొట్టాల కోసం తవ్విన కాలువల్లోనే కేబులు గొట్టం కూడా పరచింది. ఒక తవ్వకానికి రెండు ఫలాలు! బండనేల ఉన్న మనకు ఈ పద్ధతే ఎక్కువ నచ్చుతుంది.

కేబులు చుట్ట సాధారణంగా 2 కిలోమీటర్లు ఉంటుంది. కాబట్టి దారిలో అతుకులు తప్పవు. అతుకు వేసేవాడు పోగు పైపూత ఒలిచి, స్పిరిటుతో తుడిచి, చివరను నిట్టనిలువుగా తుంచుతాడు. నీలం పోగుకు నీలం, నారింజకు నారింజ, ఆకుపచ్చకు ఆకుపచ్చ జత చేస్తాడు. యంత్రం రెండు కొనలను ఎదురెదురుగా నిలిపి, విద్యుత్ మెరుపుతో కరిగించి ఒకటి చేస్తుంది. ఒక దుమ్ము కణం అడ్డుపడితే మళ్ళీ మొదటికే. అందుకే ఎండలో, గాలిలో కాకుండా గుడారం కిందనో, వాహనంలోనో ఈ పని చేస్తారు. తుంచిన గాజు ముక్కలను లెక్కగా డబ్బాలో వేస్తారు. అవి చర్మంలో దిగితే కంటికి కనబడవు, సులభంగా బయటికి రావు.

పని అయ్యాక పరీక్ష ఉంటుంది. కొండ ఎదుట కేక వేసి ప్రతిధ్వని విన్నట్టు, ఒక పరికరం పోగులోకి కాంతి తునకను పంపి, తిరిగివచ్చే కాంతికి పట్టిన కాలం కొలుస్తుంది. గాజులో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు నడుస్తుంది. తెగిన చోటు నుంచి కాంతి తిరిగిరావడానికి సెకనులో పదివేలవ వంతు పట్టిందనుకోండి. రానూపోనూ 20 కిలోమీటర్లు. అంటే తెగినది 10 కిలోమీటర్ల దూరంలో. ఎక్కడ తవ్వాలో ఇంతకన్నా సూటిగా ఎవరు చెప్పగలరు?

ఇక ఇంటి సంగతి. బయటి కేబులులో నీరు చేరకుండా జిగురు పదార్థం నింపుతారు. దానికీ, పై తొడుగుకూ నిప్పంటుకునే గుణం ఉంది. అందువల్ల దాన్ని భవనంలో దూరం తీసుకుపోరు. గోడ దగ్గర పెట్టెలో ఆపి, మంటకు త్వరగా అంటుకోని, పొగ తక్కువ వచ్చే లోపలి కేబులుకు అతుకుతారు. గోడకు చేసే రంధ్రం బయటివైపుకు వాలుగా ఉండాలి. కేబులును రంధ్రం కన్నా దిగువకు కొంచెం వేలాడదీసి లోపలికి తీసుకుంటే వాననీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది. తర్వాత రంధ్రాన్ని మూసివేస్తారు, లేకపోతే ఎలుకలు, చీమలు దారి చేసుకుంటాయి. తలుపు సందులో నలిగేటట్టు, మేకు కింద బిగిసేటట్టు కేబులును పోనివ్వరాదు. బడిలోనో, ఇంట్లోనో ఊడిన కొన కనబడితే అందులోకి తొంగి చూడకండి. అందులో నడిచే కాంతి కంటికి కనిపించని పరారుణ కాంతి. కనిపించకపోయినా అది కంటికి హాని చేయగలదు.