నడివయస్సులో న్యాయవిద్య

విద్యకు వయస్సుతో నిమిత్తం లేదని పెద్దలంటారు. అనుట సులభమే. సంసారభారం మోస్తూ, నెలజీతం తెచ్చే కొలువును నిలుపుకొంటూ, ముప్పది నలుబది ఏండ్ల వయస్సులో న్యాయశాస్త్రం చదువబూనిన వానికే అందలి కష్టం తెలుస్తుంది. మక్తల్ ప్రాంతపు ఉపాధ్యాయునికో, గుమాస్తాకో, వర్తకునికో ఈ కోరిక కలిగినచో అతనికి ఎదురయ్యే ప్రశ్నలు మూడు: వయస్సు అడ్డమా? కాలం చాలునా? జీతం మాటేమి?

పూర్వుల దృష్టాంతాలు

ఈ దారిన నడచిన పెద్దలు మనకు కొత్త కాదు. 1885లో జన్మించిన మాడపాటి హనుమంతరావు గారు హనుమకొండలో ప్రభుత్వోద్యోగం చేసి, పిదప హైదరాబాదులో అనువాదకులుగా పనిచేశారు. 1917లో న్యాయవాద పరీక్షలో ఉత్తీర్ణులై, కొలువు విడిచి వకాలతు చేపట్టారు. అప్పటికి వారి వయస్సు ముప్పది రెండేండ్లు. ఉర్దూ, తెలుగు రెండింటిలోను వారు పండితులు. అనంతరం ఆంధ్రోద్యమాన్ని నడిపి, 1951లో హైదరాబాదు తొలి మేయరు అయ్యారు. టంగుటూరి ప్రకాశం గారు రాజమహేంద్రవరంలో సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా ఆర్జించుచుండియు, ఆ పట్టాతో హైకోర్టులో వాదించే అర్హత లేనందున, 1904లో సీమకు వెళ్ళి బారిస్టరై వచ్చారు. ఆయన వయస్సు కూడా నాటికి ముప్పది దాటినదే.

వయస్సు అడ్డమా?

1961 నాటి అడ్వొకేట్ల చట్టం ఇరువది ఒక్క ఏండ్లు నిండవలెనన్నదే గాని పై హద్దు విధించలేదు. నలుబది అయిదేండ్లు దాటినవారిని న్యాయవాదులుగా చేర్చుకొనరాదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఒక నియమం చేసింది. అది అసమంజసమైనదనియు, చట్టమిచ్చిన అధికారాన్ని మించినదనియు 1995లో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. మూడేండ్ల కోర్సు ప్రవేశానికి ముప్పది ఏండ్ల హద్దు పెట్టిన నిబంధన అమలును సైతం 2017లో అదే న్యాయస్థానం నిలిపివేసింది. కనుక వయస్సు అడ్డం కాదు.

కాలం, జీతం

అసలు చిక్కు ఇక్కడనే కలదు. పగలు ఉద్యోగం, రాత్రి చదువు అనే పాత పద్ధతికి 2008 నాటి న్యాయవిద్యా నియమాలలో చోటు మిక్కిలి తక్కువ. తరగతులు ఉదయం 8 గంటలకు, సాయంత్రం 7 గంటలకు నడుమ జరుగవలెను. వారానికి 30 గంటల బోధన, నూటికి 70 వంతుల హాజరు తప్పనిసరి. చదువుకాలంలో ఉద్యోగం చేసినవారు యజమాని అనుమతిపత్రం చూపవలెనని 2024లో బార్ కౌన్సిల్ ఆదేశించింది. కాబట్టి సెలవు, బదిలీ, పనివేళల మార్పు మొదలైనవి చేరుటకు ముందే తేల్చుకొనవలెను. పేరు నమోదు చేసి పరీక్షలకు మాత్రమే పోవచ్చునని ఎవరైనా ఆశ చూపినచో నమ్మరాదు.

పట్టా చేతికి వచ్చిన తరువాత రెండవ పరీక్ష జీతానిది. పూర్తికాలపు జీతగాడు న్యాయవాదిగా వృత్తి చేయరాదు. వృత్తిలో దిగదలచినవాడు అఖిలభారత బార్ పరీక్షలో ఉత్తీర్ణుడు కావలెను, కొలువునూ వదలవలెను. సీనియరు వద్ద శిష్యరికం చేసే తొలి ఏండ్లలో రాబడి స్వల్పం. సివిల్ జడ్జి పదవి కోరేవారు 2025లో సుప్రీంకోర్టు పునరుద్ధరించిన మూడేండ్ల న్యాయవాద అనుభవాన్ని కూడా లెక్కలో వేసుకొనవలెను. ఒక్క ఊరట కలదు: చట్టం నిర్ణయించిన 750 రూపాయలకు మించి నమోదు రుసుం వసూలు చేయరాదని సుప్రీంకోర్టు 2024లో తీర్పు చెప్పింది. షెడ్యూల్డు కులాలకు, తెగలకు అది 125 రూపాయలే. అయినను రెండు మూడేండ్ల ఇంటిఖర్చు కూడబెట్టక కొలువు వదలుట, ఈత రాకుండా కృష్ణలో దిగుటయే.

అనుభవమే పెట్టుబడి

నడివయస్కునికి యువకులకు లేని బలం ఒకటి కలదు, అది లోకజ్ఞానం. మన ప్రాంతపు వ్యాజ్యాలలో పెక్కు భూమి తగాదాలే. సేత్వారు, ఫైసల్ పట్టీ, 1954-55 నాటి ఖాస్రా పహాణీ చదువగల వకీలు ఎంతో అవసరం. పాత దస్తావేజులనేకం ఉర్దూలో ఉన్నవి. దావా, జప్తు, జమానతు, వకాల్తునామా వంటి మాటలు నేటికీ తెలుగు కచేరీలలో వాడుకలో ఉన్నవి. ఈ రెండు భాషలు తెలిసిన మన విద్యార్థికి ఇది పుట్టింటి ఆస్తి. జూరాల జలాశయంలో భూములు కోల్పోయిన రైతు పరిహారపు కాగితంలో ఏమున్నదో తెలియక నిలబడినప్పుడు, మేస్త్రీ వద్ద ముందుసొమ్ము తీసుకొని వలసపోయిన పాలమూరు కూలీకి 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ఏమి రక్షణ ఇచ్చునో చెప్పవలసినప్పుడు, వారి బాధ ఎరిగిన స్థానికుడే చక్కగా వాదించగలడు. 2024 జూలై 1న కొత్త నేరచట్టాలు అమలులోకి వచ్చినందున, ఆ భాగంలో పాత వకీళ్ళు సైతం మరల విద్యార్థులైనారు.

కర్తవ్యం

కళాశాల కార్యవర్గం వారికి రెండు విన్నపాలు. గ్రంథాలయాన్ని సాయంకాలం పూర్వవిద్యార్థులకు, ఉద్యోగులకు తెరచి ఉంచవలెను. న్యాయవిద్యా ప్రవేశపరీక్షకు శిక్షణతోపాటు ఉర్దూ దస్తావేజుల పఠనం నేర్పవలెను. విద్యార్థి సోదర సోదరీమణులు తమ ఇంటి పెద్దలలో ఎవరైనా చదువబూనిన యెడల నవ్వక, పుస్తకం తెచ్చి ఇయ్యవలెను. న్యాయవిద్య తలుపు వయస్సుకు మూసిలేదు. ఆ గడప దాటగోరువాడు కాలానికి, జీతానికి ముందే లెక్క చూసుకొని బయలుదేరవలెను.