చిన్నోడి పిండి డబ్బా

బుజ్జమ్మా, గిద్దలూరు నుంచి మీ పెద్దమ్మను.

చిన్నోడికి బజారు మిక్చరు మానిపించి ఇంట్లో ఏం చేసి పెట్టాలని ఫోనులో అడిగావు కదా. ముందుగా ఒకటి: వేయించిన చెనక్కాయలు, పుట్నాలు గింజలుగా వాడి చేతికివ్వొద్దు. అయిదేళ్లు నిండేదాకా అంతే. గొంతుకు అడ్డం పడితే ఆసుపత్రి దాకా వెళ్లే వ్యవధి ఉండదు. ఏదైనా పొడి కొట్టే పెట్టు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు ఎప్పుడో లెక్కగట్టిన పిండి ఒకటుంది, హైదరాబాద్ మిక్స్ అంటారు. వేయించిన గోధుమలు 40 గ్రాములు, శనగలు 16, చెనక్కాయలు 10, బెల్లం 20. ఈ 86 గ్రాముల్లోనే 330 కేలరీలు, 11 గ్రాముల మాంసకృత్తులు. బక్కచిక్కిన పిల్లలు కోలుకోవడానికి చేసింది కాబట్టి అంత బెల్లం. మనోడు బొద్దుగానే ఉన్నాడుగా, రెండేళ్లలోపు తీపి మరిగించడం ఎందుకు? బెల్లం మానెయ్, కావాలంటే అరటిపండు మెదిపి కలుపు. గోధుమలే కావాలని కూడా లేదు, మన మెట్టచేల సజ్జలు ఏం తక్కువ?

సజ్జలు రాత్రి నానేసి, పొద్దున గుడ్డలో మూటగట్టు. మొలక కనపడగానే బాగా ఎండబెట్టి, సన్నసెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి పట్టించు. మొలకగట్టిన పిండి జావ గట్టిపడదు, అందుకని అదే గిన్నెలో పిండి ఇంకాస్త పడుతుంది. చిన్నపొట్టకు కావలసింది అదే. చెనక్కాయల్లో ముడుచుకున్నవీ బూజుపట్టినవీ ఏరి పారెయ్, వేయిస్తే పోయే విషం కాదది. పొడి వారానికి సరిపడానే కొట్టు, ఎక్కువైతే నూనె ముక్కిపోతుంది.

ఇక నీళ్లు. మన గిద్దలూరు వైపు బోరునీళ్ల ఫ్లోరైడ్ సంగతి నీకు చెప్పాలా? కాస్తే పోదు సరికదా, నీరు ఇగిరి ఇంకా ఎక్కువవుతుంది. జావకు ఫ్లోరైడ్ తీసిన ప్లాంటు నీళ్లే వాడు.

వాడు తనే పట్టుకుని తింటానని మారాం చేస్తే, బొరుగులు తడిపి, నీళ్లు పిండేసి, పుట్నాల పొడి చల్లివ్వు. నంద్యాల వైపు ఉగ్గాని లాగే, కారం మాత్రం వద్దు. చెనక్కాయ పొడి మొదటిసారి చిటికెడే పెట్టి చూడు. దద్దుర్లో వాంతులో అయితే ఆపేసి డాక్టరుకు చూపించు. ఊపిరి కష్టమైతే ఆ క్షణమే ఆసుపత్రికి.

సజ్జలు మీ పెదనాన్న శనివారం బస్సులో తెస్తాడు. మట్టిబెడ్డలున్నాయి, చేటలో చెరుక్కో.