ఉపరితలం నుంచి గగనతలానికి: ఆకాశ్ మొదలు ఎంహెచ్ 17 దాకా

హైటెక్ సిటీ అనగానే సాఫ్ట్‌వేర్ గుర్తొస్తుంది గానీ, పరీక్షలో మార్కులు తెచ్చేది హైదరాబాద్ నగరానికి అటు చివరున్న కంచన్‌బాగ్. భూమిపై నుంచి గగనతల లక్ష్యాలను కూల్చే ఆకాశ్ క్షిపణిని రూపొందించిన రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఎల్, దాన్ని తయారుచేసే భారత్ డైనమిక్స్ అక్కడివే. 1983లో అబ్దుల్ కలాం సారథ్యంలో మొదలైన సమీకృత క్షిపణి కార్యక్రమంలో ఆకాశ్ ఒకటి. పరిధి సుమారు 25 కి.మీ., అందుకునే ఎత్తు 18 కి.మీ. ప్రయాణికుల విమానాలు ఎగిరేది 10-12 కి.మీ.లోనే, అంటే ఇలాంటి క్షిపణులకు అందే ఎత్తులోనే. చిక్కంతా అక్కడే!

రాడార్ తెరపై కనిపించేది ఒక చుక్క. అది ఎవరిదో తేల్చాల్సింది మనిషే. 1988 జులై 3న అమెరికా నౌక విన్సెన్స్ సిబ్బంది, పైకి లేస్తున్న ప్రయాణికుల విమానం ఇరాన్ ఎయిర్ 655ను తమపైకి దిగుతున్న ఎఫ్-14 యుద్ధవిమానం అనుకుని క్షిపణులతో కూల్చారు. 290 మంది బలయ్యారు. 2014 జులై 17 నాటికి తూర్పు ఉక్రెయిన్‌పై 32,000 అడుగుల వరకే గగనతలం మూసి ఉంది. మలేసియా విమానం ఎంహెచ్ 17 వెళ్తున్నది 33,000 అడుగుల్లో. దాన్ని కూల్చిన బుక్ క్షిపణికి ఆ వెయ్యి అడుగులు ఒక లెక్కా? మృతులు 298. 2020 జనవరి 8న టెహ్రాన్‌లో టోర్ క్షిపణులకు ఉక్రెయిన్ విమానం పీఎస్ 752 కూలి 176 మంది చనిపోయారు.

తరచూ తప్పు రాసేది: 1983లో కొరియన్ విమానం 007ను కూల్చింది భూమిపై నుంచి వదిలిన క్షిపణి కాదు, సోవియట్ యుద్ధవిమానం. ఆ ఘటన తర్వాతే, పౌర విమానాలపై ఆయుధ ప్రయోగం కూడదంటూ అంతర్జాతీయ పౌర విమానయానానికి సంబంధించిన షికాగో ఒప్పందంలో 3 బిస్ అధికరణ చేర్చారు. ఆమోదం 1984, అమలు 1998.