పాత ప్లేటు, కొత్త ప్లేటు: చెవికి తేడా ఎక్కడ?

(తృతీయ బి.ఎస్సీ. విద్యార్థి)

సంగీతం నేర్చుకోనివాడు సంగీతపు ప్లేట్ల గురించి రాయటమేమిటని మిత్రులు నవ్వవచ్చు. నాకు స్వరజ్ఞానం లేని మాట నిజమే. కాని ఈ వ్యాసానికి కావలసింది కొంచెం భౌతికశాస్త్రం, కొంచెం ఓపిక. మొదటిది మా అధ్యాపకులు పెట్టిన భిక్ష. రెండోది వాన కోసం ఆకాశం వైపు చూసే ఇంట్లో పుట్టినవాడికి ఎలాగూ అబ్బుతుంది.

మా తాత వేరుశనగ పండించేవాడు. తీరిక రోజుల్లో పెళ్ళిళ్ళకు, తిరునాళ్ళకు మైకుసెట్టు బాడుగకిచ్చేవాడు. ఒక కరువు సంవత్సరం ఆంప్లిఫయరు, హారన్లు, మోటారు ప్లేయరు అన్నీ అమ్ముడుపోయాయి. ప్లేట్ల ట్రంకుపెట్టె మాత్రం అటక మీద మిగిలింది. పోయిన ఎండాకాలం బెంగుళూరు నుంచి ఒకాయన వచ్చి, మొదటి అచ్చు ప్లేట్లయితే మంచి ధర ఇస్తానన్నాడు. అప్పటికి మా బోరు మోటారు కాలిపోయి పది రోజులయింది.

"ఇచ్చేద్దాం లేరా అబ్బీ, ఆ పాటలన్నీ నీ ఫోన్లోనే వస్తాండాయి గదా!" అన్నాడు నాయన.

నాకు జవాబు తోచలేదు. నిజంగా అవే పాటలా? మొదటి అచ్చులో ఉన్నది మళ్ళీ అచ్చులో లేకుండా పోతుందా? లేక ఇది పాత వస్తువు మీద మమకారమేనా? ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కోవటమే ఈ వ్యాసం.

ప్లేటులో ఏముంది?

ముందుగా రెండు జాతులను వేరు చేసుకోవాలి. నిమిషానికి 78 సార్లు తిరిగే ప్లేటు లక్కతో తయారైనది. లక్కపురుగు ఇచ్చే జిగురులో రాతిపొడివంటి పదార్థాలు కలిపి, వేడి మీద అచ్చు ఒత్తేవారు. ఆ లక్కకు మన దేశం ప్రపంచంలోనే పెద్ద నెలవు. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడినది మొదలు, 1960ల దాకా మన సంగీతం ఈ లక్క మీదనే బతికింది. 1928 నుంచి కలకత్తా దగ్గరి డమ్‌డమ్ కర్మాగారం దీనికి ముఖ్య స్థానం. పది అంగుళాల ప్లేటు ఒక వైపు మూడు నిమిషాలకు కాస్త పైన పలుకుతుంది. గంటసేపు రాగం పాడగల విద్వాంసుడు ఆ మూడు నిమిషాల్లో తన విద్యంతా కుదించి చూపవలసి వచ్చేది.

రెండోది 1948లో అమెరికాలో వచ్చిన ఎల్.పి. ఇది పి.వి.సి. జాతి ప్లాస్టిక్కు, అనగా వినైల్. నిమిషానికి 33 1/3 సార్లు తిరుగుతుంది, ఒక వైపు ఇరవై నిమిషాలకు పైగా పలుకుతుంది. రాతిపొడి లేదు గనక గరగర తక్కువ.

రెండింటిలోనూ శబ్దం ఉండేది గాడిలోనే. మనం చేలో సాలు దున్నినట్లే, కోతముల్లు మెత్తని పళ్ళెం మీద వంకరలు తిరుగుతూ ఒకే సాలు దున్నుతుంది. ఆ వంకరే స్వరం.

మొదటి అచ్చు, మళ్ళీ అచ్చు

కోసిన పళ్ళెం నుంచి లోహపు ప్రతి, దాని నుంచి ఇంకొకటి, దాని నుంచి ఒత్తుడు అచ్చు: ఇలా తరాలు నడుస్తాయి. ఒత్తుడు అచ్చు కొన్ని వందల ప్లేట్లు ఒత్తేసరికి అరుగుతుంది. అప్పుడు లోహపు ప్రతి నుంచి మరొకటి తీస్తారు.

రైతుబిడ్డలకు ఇది సులువుగా తెలుస్తుంది. టి.ఎం.వి.-2 గాని, కదిరి-6 గాని, పరిశోధనా కేంద్రంలోని మూల విత్తనం నేరుగా మన గొర్రులోకి రాదు. మూల విత్తనం నుంచి పునాది విత్తనం, దాని నుంచి ధ్రువీకరించిన విత్తనం. ప్రతి మెట్టులోనూ జాగ్రత్తపడితే గుణం నిలుస్తుంది, ఏమరితే కల్తీ అవుతుంది. ప్లేటు సంగతీ అంతే. తరం మారినంత మాత్రాన చెడదు. మార్చినవాడి చేతిని బట్టి ఉంటుంది.

అయితే ఒక చిక్కు. శబ్దాన్ని టేపు మీద పట్టుకోవటం 1950ల ప్రాంతంలో గాని బాగా వాడుకలోకి రాలేదు. అంతకు ముందరి పాటను ఎల్.పి.గా మళ్ళీ వేయాలంటే లోహపు అచ్చయినా మిగిలి ఉండాలి, లేదా ఎవరి ఇంట్లోనో ఉన్న పాత లక్కప్లేటునే మోగించి ఎక్కించుకోవాలి. ఆ రెండోపక్షంలో ఆ ప్లేటు మీది గీతలు, అరుగుదల కూడా పాటతోబాటు కొత్త ప్లేటులోకి వస్తాయి.

తేడా వచ్చే చోట్లు

మొదటిది ముల్లు. 78 ప్లేటు గాడి వెడల్పు. దానికి సుమారు 75 మైక్రాన్ల మొన ఉన్న ముల్లు కావాలి. ఎల్.పి.కి 25 మైక్రాన్లు చాలు. ఎల్.పి. ముల్లుతో 78 ప్లేటు మోగిస్తే అది గాడి గోడలను సరిగా తాకక అడుగున దుమ్ములో పొర్లాడుతుంది. వినేవాడు "పాత ప్లేటు గదా, ఇంతే" అనుకుంటాడు. తప్పు ప్లేటుది కాదు, ముల్లుది.

రెండోది వేగం. పాత ప్లేట్లన్నీ ఖచ్చితంగా 78 వేగంలోనే కోసినవి కావు. 80 వేగంతో కోసినదాన్ని 78తో తిప్పితే వేగం రెండున్నర శాతం తగ్గుతుంది. ఒక స్వరస్థానానికీ తర్వాతి స్వరస్థానానికీ మధ్య కంపనసంఖ్యలో తేడా సుమారు 6 శాతం. అంటే శ్రుతి ఒక స్వరస్థానంలో దాదాపు సగం దిగిపోతుంది. 200 సెకన్ల పాట 205 సెకన్లు సాగుతుంది. గాయకుడి గొంతు బరువెక్కుతుంది, గమకం బద్ధకంగా వినిపిస్తుంది. మళ్ళీ అచ్చు వేసేవారు శ్రుతి సరిచూసుకోకపోతే ఆ తప్పు శాశ్వతమవుతుంది. సరిచూసుకుంటే మాత్రం మొదటి అచ్చుకంటే మళ్ళీ అచ్చే నిజానికి దగ్గర.

మూడోది హెచ్చుతగ్గులు దిద్దటం. ప్లేటు కోసేటప్పుడు మంద్రధ్వనులను తగ్గించి, సన్నని ధ్వనులను పెంచి కోస్తారు, మోగించేటప్పుడు దానికి తలకిందులు చేస్తారు. 1954లో అమెరికాలో కుదిరిన ఆర్.ఐ.ఎ.ఎ. కొలత క్రమంగా ఎల్.పి.లకంతటికీ ప్రమాణమయింది. అంతకు ముందు కంపెనీకొక పద్ధతి. కొత్త ఆంప్లిఫయరుకు ఈ సంగతి తెలియదు. 78 ప్లేటును కూడా ఎల్.పి.లాగే దిద్ది, సన్నని ధ్వనులను అనవసరంగా అణచివేస్తుంది.

నాలుగోది గరగర తీసివేయటం. ఇదే అసలు తగాదా. 1925కు ముందు మైకు లేదు. గాయకుడు కొమ్ముబూర ముందు పాడేవాడు. అందులో సుమారు 200 నుంచి 3,000 కంపనాలలోపు ధ్వనులే చాలావరకు పట్టుబడేవి. ఆ తర్వాత విద్యుత్తు పద్ధతి వచ్చి 5,000 దాటింది. గరగర ఎక్కువగా ఉండేదీ ఆ పై అంతస్తులోనే. 5,000 పైన కోసివేస్తే గరగర పోతుంది. దానితోబాటు సకారాల పదును, వయొలిన్ కమాను తీగను ఒరుసుకునే చప్పుడు, తంబురా జీరలో మెరుపు కూడా పోతాయి. కలుపు తీస్తూ తీస్తూ చెట్టు పీకినట్లు!

అయిదోది కృత్రిమ స్టీరియో. ఒకే మైకుతో పట్టినదాన్ని రెండు ముక్కలుగా చేసి, ఒక చెవికి మంద్రం, మరో చెవికి తారం పంచి "స్టీరియో" అని అమ్మటం 1960లలో విదేశాల్లో పరిపాటి అయింది. ఒక్క మనిషి గొంతు గదంతా పరుచుకుంటుంది గాని, మనిషి కనిపించడు. అలాంటి మళ్ళీ అచ్చుకంటే గరగరలాడే మోనో ప్లేటే మేలు.

ఆరోది, ఎల్.పి.లకు ముఖ్యమైనది, గాడి స్థానం. ప్లేటు తిరిగే వేగం ఒకటే అయినా, అంచున ముల్లు కింద గాడి సెకనుకు సుమారు 51 సెంటీమీటర్లు నడుస్తుంది, లోపలి చివర 21 మాత్రమే. 10,000 కంపనాల ధ్వని ఒక అల అంచున 51 మైక్రాన్ల పొడవుంటే, లోపల 21 మైక్రాన్లలో ఇరుక్కోవాలి. 25 మైక్రాన్ల మొన అక్కడ ఎలా తిరగగలదు? అందుకే ఒక వైపు చివరి పాట కొంచెం మసకగా ఉంటుంది. మొదటి అచ్చులో చివర ఉన్న పాట మళ్ళీ అచ్చులో మొదటికి వస్తే, అదే పాట తేటపడవచ్చు.

మేము చేసిన పరీక్ష

పదవీ విరమణ చేసిన ఒక లెక్చరరుగారి ఇంట్లో పాత ప్లేయరుంది. దాని ముల్లు ఒకవైపు తిప్పితే 78కి, మరోవైపు తిప్పితే ఎల్.పి.కి. నలుగురు హాస్టలు మిత్రులతో అక్కడ కూర్చున్నాను.

మొదటి రోజు మోసపోయాము. అందరం ఒక్కమాటగా ఒక ప్లేటే బాగుందన్నాము. తర్వాత చూస్తే దాని శబ్దం కొంచెం ఎక్కువగా ఉంది, అంతే! బిగ్గరగా ఉన్నది బాగున్నట్లు తోచటం చెవి సహజగుణం. రెండో రోజు శబ్దం సమానం చేసి, వినేవాళ్ళకు కనపడకుండా ఒకరు ప్లేట్లు మార్చాము. పోల్చి చూడదలచినవారికి ఈ రెండు నియమాలు తప్పనిసరి.

ముందు శ్రీ వేంకటేశ్వర సుప్రభాతం. ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారి ఈ ఎల్.పి. 1963లో వచ్చింది. తెలుగునాట గుడి హారన్లో వినని ఊరుంటుందా? తాత దగ్గరున్నది పాత అచ్చు, లెక్చరరుగారిది తర్వాతి అచ్చు. పాతదే గెలుస్తుందని పందెం కాశాను. ఓడిపోయాను. మైకుసెట్టు ప్లేయరు బరువైన ముల్లు కింద ఏళ్ళ తరబడి ప్రతి తెల్లవారుజామున నలిగిన గాడి అది. తర్వాతి అచ్చులో మాటలు తేటగా, వెనుక శ్రుతి నిలకడగా ఉన్నాయి.

తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడుగారి వయొలిన్, 78 ప్లేటు. అదే వాద్యం గరగర తీసిన కొత్త రూపంలోనూ మావద్ద ఉంది. ఎవరు తీసినదో ఇక్కడ అనవసరం. కొత్తది నిశ్శబ్దంగా, నునుపుగా ఉంది. పాతది వేరుశనగ వేయించినట్లు చిటపటలాడింది. కాని అరనిమిషం గడిచేసరికి చెవి చిటపటను మరిచిపోయింది. ఆ వెనుక కమాను ఎక్కడ ఆగింది, ఎక్కడ తిరిగింది, వేలు తీగ మీద ఎలా జారింది, అంతా పట్టుబడింది. ఏది ఏ ప్లేటో తెలియని మిత్రులు కూడా దీన్నే మళ్ళీ పెట్టమన్నారు.

కాబట్టి "పాతదే గొప్ప" అన్నా తప్పే, "కొత్తదే శుభ్రం" అన్నా తప్పే. అరగని మొదటి అచ్చు అన్నిటికంటే మేలు. అరిగిన మొదటి అచ్చుకంటే మంచి మూలం నుంచి జాగ్రత్తగా తీసిన మళ్ళీ అచ్చు మేలు. అతిగా శుభ్రం చేసినదానికంటే గరగరతో ఉన్నది మేలు. అచ్చు ఏదో తెలుసుకోవాలంటే లేబులు రంగు చూసి నమ్మరాదు. గాడి ముగిసిన తర్వాతి ఖాళీ భాగంలో చెక్కిన అంకె చూడాలి. లేబులు మారినా అంకె అదే అయితే పాత కోతే. అంకె మారితే కొత్తగా కోసినది.

నా చేతి తప్పు

ఒక తప్పు ఒప్పుకోవాలి. ఒక పద్యనాటకం ప్లేటు మీద ఎర్రమట్టి పేరుకొని ఉంటే, చేతికందిన శానిటైజరుతో తుడిచాను. లక్క స్పిరిట్‌లో కరుగుతుందని కెమిస్ట్రీ చదివే నాకు ఆ క్షణంలో గుర్తు రాలేదు. గుడ్డకు నల్లగా అంటింది, ప్లేటు మెరుపు పోయింది, గాడులు మూగబోయాయి. ఆ పద్యాలు ఫోన్లో వెతికాను. ఎక్కడా లేవు. నాయన అన్న "అన్నీ ఫోన్లోనే ఉండాయి" అనే మాటకు నాకు దొరికిన జవాబు అదే, కాకపోతే చాలా ఖరీదైన జవాబు.

మిత్రులు ఈ తప్పు చేయవద్దు. లక్కప్లేటుకు సారా, స్పిరిటు తగలరాదు. మెత్తని పొడిగుడ్డ, అవసరమైతే కొంచెం తడిగుడ్డ చాలు. వినైల్ ప్లేటు మన ఎండకు, రేకులకప్పు వేడికి వంకరపోతుంది. పైగా మన పొడిగాలికి విద్యుదావేశం పుట్టి దుమ్మును లాక్కుంటుంది. ప్లేట్లు పడుకోబెట్టి దొంతర పేర్చక, పుస్తకాల్లా నిలబెట్టాలి.

మన జిల్లా రాళ్ళపల్లిలో 1893లో పుట్టిన అనంతకృష్ణశర్మగారు అన్నమయ్య సంకీర్తనలెన్నింటికో రాగాలు కట్టి స్వరపరిచారు. స్వరం కాగితం మీద నిలుస్తుంది. కాని ఆ స్వరాన్ని ఒక గొంతు ఎలా ఊపిందో, ఎక్కడ ఊపిరి తీసుకుందో కాగితం చెప్పలేదు. అది గాడిలోనే ఉంటుంది. గాడి పోతే మళ్ళీ దున్నేవాడు లేడు.

చివరికి ఇంట్లో ఏమయింది? నాయనను కూర్చోబెట్టి వయొలిన్ ప్లేటు వినిపించాను. పాట అయ్యేదాకా మాట్లాడలేదు. "మీ తాత దీన్ని పెండ్లిండ్లలో పెట్టేటోడు కాదు. రాత్రి మడికి నీళ్ళు కట్టి వచ్చినాక ఒక్కడే వినేటోడు" అన్నాడు. మంచి మళ్ళీ అచ్చు దొరికేవాటిని బెంగుళూరు ఆయనకిచ్చాము. మోటారు చుట్టించటానికి ఆ డబ్బు సరిపోయింది. తిరిగి దొరకనివి పెట్టెలోనే ఉన్నాయి. ఒక్కొక్కటి సరైన ముల్లుతో, సరైన వేగంతో, గరగర తీయకుండా కంప్యూటరులోకి ఎక్కిస్తున్నాను.

సెలవులకు ఊరికి వెళ్ళే మిత్రులారా, ఒకసారి అటక ఎక్కి చూడండి. పాత సామాన్లవాడికి తూకం వేసేముందు, ఒక్కసారి విని చూడండి.