పూలకు వెళ్ళిన సిద్ధయ్య

ఈ వారం వీడియోలో పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి వారి చరిత్ర చెప్పుకున్నాం కదా. టైమ్ సరిపోక అందులో వదిలేసిన ఒక విషయం ఇక్కడ రాస్తున్నాం.

మనలో చాలామందికి ఒక బాధ ఉంటుంది. పొద్దున్నే క్యాబ్ ఎక్కితే రాత్రికి గానీ ఇల్లు చేరం. దీపం పెట్టే తీరిక కూడా ఉండదు. శనివారం గుడికి వెళ్ళి దండం పెట్టుకుంటే ఆ వారానికి దేవుడితో పని అయిపోయినట్టే. ఆఫీసులో నా పక్క సీట్లో కూర్చునే క్రైస్తవ మిత్రుడు టిఫిన్ బాక్స్ తెరిచి, కళ్ళు మూసుకుని రెండు మాటలు ప్రార్థన చేసుకుని తింటాడు. ఆదివారం చర్చి అతనికీ ఉంది, కానీ సోమవారం మధ్యాహ్నం కూడా దేవుడు అతని పక్కనే ఉన్నాడు. చూస్తే ముచ్చటేస్తుంది. మరి మన సంగతేంటి? రోజువారీ బతుకు మధ్యలో దేవుణ్ణి నిలబెట్టుకోవడం ఎలాగో మన సీమలో ఎవరైనా చేసి చూపించారా?

చూపించారు. అదీ ఆవులు కాస్తూ.

బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మ గారి ఇంట్లో స్వామి పశువుల కాపరిగా ఉన్నారు. రోజూ ఆవుల్ని రవ్వలకొండకు తోలుకెళ్ళి, వాటి చుట్టూ కర్రతో ఒక గిరి గీసి, గుహలో కూర్చుని తాటాకుల మీద కాలజ్ఞానం రాసేవారు. ఆవులు ఆ గీత దాటేవి కావు. ఈ కథ చెప్పేటప్పుడు అందరం గీత మహిమ దగ్గరే ఆగిపోతాం. నాకు మాత్రం ఆ వరస నచ్చుతుంది. ముందు ఆవుల సంగతి, తర్వాతే తాటాకులు. రాయలసీమ మెట్టపొలాల్లో, ఒక్క వాన కోసం ఏడాదంతా ఎదురుచూసి వేసిన జొన్నచేలో పరాయి ఆవు పడితే ఎంత గొడవో మన తాతల్ని అడగండి. "నేను ధ్యానంలో ఉన్నానమ్మా, ఆవులు ఎటు పోయాయో తెలీదు" అనే అవకాశం స్వామి తీసుకోలేదు. ఎవరి కూలి తింటున్నారో వాళ్ళ పని చెడలేదు, పక్క రైతు చేను చెడలేదు. గుహలో రాత ఆ తర్వాతే. ఆ సంగతి కళ్ళారా చూశాకే అచ్చమ్మ గారు, తన దగ్గర పనికి కుదిరిన మనిషికి తనే శిష్యురాలయ్యారు.

తర్వాత కందిమల్లాయపల్లెలో స్వామి వడ్రంగం చేసుకుంటూ సంసారం చేశారు. ఆ ఊరినే ఇప్పుడు బ్రహ్మంగారి మఠం అంటున్నాం. దూదేకుల ఇంట పుట్టిన సిద్ధయ్య ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది అక్కడికే. కడప నవాబు పిలిపించడం, సిద్ధయ్య చూపుకు బండ పగలడం మీకు తెలిసినవే. 1984లో వచ్చిన ఎన్టీఆర్ గారి సినిమాలో బాలకృష్ణ సిద్ధయ్యగా చేశారు కాబట్టి మన ఇళ్ళల్లో పెద్దలకైతే ఆ ఘట్టాలు కంఠతా వచ్చు.

మనకు కావాల్సింది చివరి ఘట్టం. వైశాఖ శుద్ధ దశమి నాడు స్వామి జీవసమాధిలోకి వెళ్ళాలి. ఊరంతా చేరింది. అందరికంటే దగ్గరివాడైన సిద్ధయ్యను మాత్రం స్వామి పిలిచి, "బనగానపల్లె వెళ్ళి పూలు తీసుకురా" అని పంపేశారు. సిద్ధయ్య ఎందుకని అడగలేదు, వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి అంతా అయిపోయింది.

ఒక్కసారి ఆలోచించండి. జీవితమంతా ఎవరి కోసం ఉన్నాడో ఆయన చివరి చూపు అతనికి దక్కలేదు. అప్పుడు అతను చేస్తున్నది జపమా, పూజా? కాదు, పూలు మోస్తున్నాడు. ఎర్రటి ఎండలో దారి నడుస్తున్నాడు. సిద్ధయ్య ఆ వియోగం తట్టుకోలేడని స్వామే అలా పంపారని పెద్దలంటారు. అయి ఉండొచ్చు. కానీ నాకు ఇంకోటి కూడా తోస్తుంది. గురువు పక్కన నిలబడితేనే గురువుతో ఉన్నట్టని అనుకుంటే, ఆ రోజు అందరికంటే దూరంగా ఉన్నది సిద్ధయ్యే. ఆయన చెప్పిన పని మీద ఉండటమే ఆయనతో ఉండటం అనుకుంటే, అందరికంటే దగ్గరున్నదీ సిద్ధయ్యే.

మా చిన్నమ్మ కూతురు కర్నూలులో నర్సు. పోయినేడు దశమికి మఠం వెళ్ళాలని నెల ముందే అనుకుంది. సరిగ్గా ఆ రోజే నైట్ డ్యూటీ పడింది. మార్చుకోవడానికి ఎవరూ దొరకలేదు. "నా దశమి పోయినట్టేనా అక్కా?" అని ఫోన్ చేసింది. సిద్ధయ్య పూల కథ చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆయనకైతే గురువే చెప్పాడు, నాకు చెప్పింది డ్యూటీ చార్టు కదా" అంది.

ప్రశ్న న్యాయమైందే. ఉద్యోగంలో ప్రతి పనీ దేవుడు చెప్పిన పనే అని నేను అనను. పనే దైవం అంటూ దేవుణ్ణి పూర్తిగా మర్చిపోయేవాళ్ళు ఉన్నారు, పూజ పేరు చెప్పి పని ఎగ్గొట్టేవాళ్ళూ ఉన్నారు. అందుకే మళ్ళీ రవ్వలకొండ గీత దగ్గరికి రండి. ఈ పని నేను వదిలేస్తే ఎవరి చేను మేస్తుంది? ఆ రాత్రి వార్డులో పడుకున్నవాళ్ళను వదిలేస్తే చేను పాడైనట్టే. అదే నాలుగు డబ్బులు ఎక్కువొస్తాయని పండగ పూట కూడా తీసుకున్న ఓవర్‌టైమ్‌కి ఈ లెక్క వర్తించదు. ఎవరిది వాళ్ళే తేల్చుకోవాలి.

ఆ రాత్రి తను డ్యూటీకి వెళ్ళింది. డ్రిప్ మార్చే ప్రతిసారీ ముందు "ఓం హ్రీం క్లీం శ్రీం శివాయ శ్రీ వీరబ్రహ్మేంద్రస్వామినే నమః" అని లోపల అనుకున్నానని పొద్దున్నే మెసేజ్ పెట్టింది. మీరూ రేపు ఒక్క పనితో మొదలుపెట్టి చూడండి. రోజూ తప్పకుండా చేసే చిన్న పని ఏదైనా సరే, లాప్‌టాప్ తెరవడమో, బండి స్టార్ట్ చేయడమో. దానికి ముందు ఒక్క నామం. అగరొత్తులు అక్కర్లేదు, స్నానం అయిందా లేదా అని చూసుకోనక్కర్లేదు.

సిద్ధయ్య కథ పూలతో అయిపోలేదు. సమాధి మీద పడి ఏడుస్తుంటే స్వామి కరుణించి, తన దండం, కమండలం, పాదుకలు, ముద్రిక అతనికే ఇచ్చారని చెబుతారు. మఠానికి వెళ్ళాలనుకునేవాళ్ళు మైదుకూరులో దిగితే అక్కడి నుంచి బస్సులుంటాయి. దర్శనం అయ్యాక వెంటనే వెనక్కి తిరిగేయకండి, దగ్గర్లోనే సిద్ధయ్యగారి మఠం కూడా ఉంది.