కంప్యూటరు తెరపై చెదరిన అక్షరములు

లినక్సు కంప్యూటరున ఒక పట్టికను తెరచినప్పుడు, అందలి కన్నడ భాగము చక్కగా కనబడుచు, ప్రక్కనున్న తెలుగు పేర్లన్నియు చిన్న చిన్న గడులుగా మారుట కలదు. అట్టి సమయమున తొందరపడి గడులను చెరిపివేసి, పేర్లను ఇంగ్లీషు అక్షరములతో మరల వ్రాయువారు కొందరు. ఇది మిక్కిలి హానికరమైన పని. ఇంగ్లీషు అక్షరములలో ‘రమ’కును ‘రామ’కును భేదము తరచుగా మాసిపోవును, ‘బళ్ళారి’లోని ళకారము లకారమగును. ఒకమారు పట్టికలో మారిన పేరు బాలుని వెంట ధ్రువపత్రములన్నిటిలోనికిని నడచును. నిజమునకు గడి కనబడినంతమాత్రమున అక్షరము పోయినదని తలపరాదు. ఫైలులో పేరు పదిలముగనే యున్నది. దానిని తెరపై చిత్రించు సాధనము మాత్రమే లోపించినది.

కంప్యూటరు అక్షరమును ఆకారముగా గాక సంఖ్యగా దాచుకొనును. లోకమునందలి లిపులకు సంఖ్యలను కేటాయించు యూనికోడు ప్రమాణము మొదట 1991లో వెలువడినది. అందు 3072 మొదలు 3199 వరకు తెలుగునకును, 3200 మొదలు 3327 వరకు కన్నడమునకును చెందిన స్థానములు. తెలుగు కకారము 3093. కన్నడ కకారము 3221. భేదము సరిగా 128. మిగిలిన హల్లులకును ఇట్లే కూడి చూచినచో కన్నడపు జోడి దొరకును. ఈ పొందిక యాదృచ్ఛికము కాదు. అంతకుముందు మన దేశమున ఏర్పడిన ఇస్కీ ప్రమాణములో భారతీయ లిపుల కకారములన్నిటికిని ఒకటే సంఖ్య. దానిని ఏ లిపిలో చూపవలెనో వేరొక సంకేతము తెలుపుచుండెను. యూనికోడువారు 1988 నాటి ఆ వరుసను గైకొని, లిపికొక వీథి చొప్పున విడదీసిరి.

చీనా, జపాను భాషలకు ఇట్టి విభజన జరుగలేదు. ఆ రెండు భాషలవారును వాడు చీనా అక్షరములను పెక్కింటిని యూనికోడు ఒకే సంఖ్య క్రింద చేర్చినది. కాని ఆకారములలో స్వల్ప భేదములున్నవి. ‘ఎముక’ అను అర్థమునిచ్చు అక్షరమునే చూడుడు. దాని పైభాగమునందలి చిన్న మూల చీనాదేశమున ఎడమవైపునకును, జపానున కుడివైపునకును తిరిగియుండును. సంఖ్య ఒకటే యగుటచే, భాష ఏదియో తెలియని లినక్సు చీనా పాఠమునకు జపాను ఫాంటును తగిలించుట కలదు. చదువరికి అర్థమగును గాని, తన పుస్తకమును పొరుగువారి దస్తూరిలో చదువుచున్నట్లు తోచును. ఇస్కీ పద్ధతియే నిలిచియుండి, లిపిని తెలుపు సంకేతము జారిపోయినచో, ఇంట తెలుగును కార్యాలయమున కన్నడమును నడచు మన బళ్ళారిసీమలో ఇదే చిక్కు మనకును కలిగియుండెడిది. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రరాష్ట్రమునకు పోయి, బళ్ళారి మైసూరున చేరినది. తాలూకాలను పంచినంత సులభముగా భాషలను పంచుట ఎవరికిని సాధ్యము కాలేదు.

ఇక చికిత్స. లినక్సునందు ఏ అక్షరమునకు ఏ ఫాంటు వాడవలెనో నిర్ణయించునది ఫాంట్‌కాన్ఫిగ్. టెర్మినలు తెరచి, ఎఫ్‌సి-లిస్ట్ అను ఆజ్ఞ వ్రాసి, ఖాళీ విడిచి, కోలను, లాంగ్, సమానచిహ్నము, తెలుగునకు గుర్తయిన టి-ఇ అను రెండక్షరములు కలిపి వ్రాయవలెను. ఒక్క పంక్తియు రాకున్న యంత్రమున తెలుగు ఫాంటు లేదని యర్థము. డెబియను, ఉబుంటులలో ఫాంట్స్-టెలు అను ప్యాకేజీని స్థాపించినచో లోహిత్ తెలుగు మొదలగునవి లభించును. యజమాని సంకేతపదము మనకు తెలియనిచో నిరాశపడ నక్కరలేదు. హోమ్ ఫోల్డరులో లోకల్, షేర్, ఫాంట్స్ అను వరుసలో నున్న ఫోల్డరునందు (‘లోకల్’ పేరునకు ముందు చుక్క యుండును) పోతన2000 వంటి ఫాంటు ఫైలును ఉంచి, ఎఫ్‌సి-క్యాష్ ఆజ్ఞ నిచ్చి, ప్రోగ్రామును మూసి తెరచిన చాలును.

చీనా అక్షరముల చిక్కునకు ఫాంటు చేర్చుట చాలదు, వరుసయు దిద్దవలెను. 2014లో వెలువడిన నోటో సాన్స్ సిజెకె ఫాంటులో 65,535 ఆకారములున్నవి. ఒక ఫాంటు ఫైలు అంతకు మించి మోయలేదు! హోమ్ ఫోల్డరునందలి ఫాంట్‌కాన్ఫిగ్ అమరిక ఫైలులో సరళ చీనా పేరును జపాను పేరునకు ముందు వ్రాసి, ఎఫ్‌సి-మ్యాచ్ ఆజ్ఞతో ఏది ఎన్నికైనదో పరీక్షింపవలెను. గడిని చూచి విదేశీయులు ‘తోఫు’ అందురు. అది సోయాపాలతో చేయు జున్నువంటి వంటకము. ఆ తోఫు లేకుండ చేయుటయే నోటో అను పేరునకు మూలము.

గడులు రాక, ఒత్తులు మాత్రము విడివడి పొల్లులు కనబడినచో రోగము వేరు. ‘క్ష’ ఒక సంఖ్య కాదు. 3093, 3149, 3127 అను మూడు. వీనిని కలిపి ఒక ఆకారముగా కూర్చు పని హార్ఫ్‌బజ్ అను ప్రోగ్రాముది. ‘ధర్మ’ అను మాటలో రకారము, పొల్లు, మకారము రెండు భాషలలోను ఒకే క్రమమున దాచబడును. తెరపై తెలుగున రకారము క్రింద మావత్తు చేరును. కన్నడమున రకారము అర్కావొత్తుగా మారి మకారమునకు తరువాత నిలుచును. మన పాతపుస్తకములలోని వలపలగిలకయు ఇట్టిదే. లిపినిబట్టి నియమము మారవలెను గనుక, ఈ కూర్పు తెలియని పాత ప్రోగ్రామును మార్చుట తప్ప గతిలేదు.

గడులును గాక, విడివడిన ఒత్తులును గాక, ఇంగ్లీషు అక్షరముల కలగాపులగము కనబడినచో అది యూనికోడునకు ముందు పద్ధతిలో టైపుచేసిన పాఠము. తెలుగు ముద్రణాలయములలో అను ఫాంటులును, కన్నడమున నుడి ఫాంటులును ఇట్లే వాడుకలోనికి వచ్చినవి. ఇందు కొత్త యూనికోడు ఫాంటు ఎంతమాత్రమును పనిచేయదు. పరివర్తక సాధనముతో యూనికోడునకు మార్చి, పిమ్మట తెలుగు చదువగలవారొకరు ఒత్తులను, దీర్ఘములను మూలప్రతితో పంక్తి పంక్తికి సరిచూడవలెను. అంతవరకు పాతఫైలును చెరుపరాదు.