వ్యక్తిగత సేకరణలు – పురావస్తు చౌర్యం

జాతి గతచరిత్ర ప్రదర్శనశాలలలో మాత్రమే నిలిచి ఉండదు. అభిరుచిగల గృహస్థుల ఇండ్లలోనూ పదిలంగా ఉంటుంది. అయితే ప్రదర్శనశాలకు కాపలా, జాబితా ఉంటాయి. వ్యక్తుల సేకరణలకు తరచు తాళమొక్కటే రక్ష. అది ఎంతవరకు చాలునో ఒక ఉదాహరణ చూద్దాం.

ఐర్లండులోని రస్‌బరో భవనంలో సర్ ఆల్ఫ్రెడ్ బైట్ అనే సేకర్త అమూల్యమైన ప్రాచీన చిత్రాలను భద్రపరచుకొన్నాడు. 1974లో సాయుధులు చొరబడి 19 చిత్రాలను అపహరించారు. కొద్దిరోజులలోనే అవి దొరికాయి. 1986లో మరొక ముఠా 18 చిత్రాలను దొంగిలించింది. 17వ శతాబ్దపు డచ్చి చిత్రకారుడు వెర్మీర్ చిత్రించిన లేఖ వ్రాసే వనిత చిత్రం రెండుసార్లూ దొంగల పాలయింది. 1987లో బైట్ దంపతులు 17 చిత్రాలను ఐర్లండు జాతీయ చిత్రశాలకు దానమిచ్చినప్పుడు, ఇంకా దొరకని ఆ చిత్రాన్ని కూడా అందులో చేర్చారు. చివరకు 1993లో బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ నగరంలో అది పోలీసులకు చిక్కింది. లోకమెరిగిన చిత్రం కనుక అది ఎవరిదో వేరుగా రుజువు చేయనక్కరలేకపోయింది.

మన ఇండ్లలోని బిద్రీ హుక్కాకు, పారసీ వ్రాతప్రతికి, తాళపత్ర గ్రంథానికి అట్టి ప్రఖ్యాతి లేదు. దొంగ పట్టుబడినా, వస్తువు మనదేనని చెప్పడానికి ఆధారమేది?

ఆ ఆధారాన్ని కల్పించేది నమోదు. 1972లో చేసిన పురావస్తు, కళానిధుల చట్టం 1976లో అమలులోకి వచ్చింది. నూరేండ్లకు తక్కువకాని శిల్పచిత్రాదులు, 75 ఏండ్లకు తక్కువకాని విలువైన వ్రాతప్రతులు దాని పరిధిలోనివి. వ్యక్తులు వాటిని విదేశాలకు పంపరాదు. లైసెన్సు లేనిదే వాటితో వ్యాపారం చేయరాదు. ప్రభుత్వం పేర్కొన్న తరగతుల వస్తువులను ఛాయాచిత్రాలతో నమోదు చేయించాలి. అవి చేతులు మారితే నమోదు అధికారికి తెలియజేయాలి. నమోదు చేయించినంత మాత్రాన యాజమాన్యం పోదు.

నమోదు అవసరంలేని వస్తువులకైనా ఇంటి జాబితా ఉండటం మేలు. విద్యార్థులు సెలవులలో ఈ పని చేయవచ్చు. వస్తువును అన్నివైపులా ఛాయాచిత్రం తీయాలి. కొలతలు, బరువు, పైనున్న లిపి వ్రాసుకోవాలి. గీత, సొట్ట, అతుకు వంటివి తప్పక గుర్తించాలి. ఒకే తీరు వస్తువులు రెండున్నా, ఒకే తీరు సొట్టలు ఉండవు. ఒక ప్రతిని మరొకచోట దాచాలి. ఉర్దూ, తెలుగు లిపులు రెండూ పరిచితమైన మన కళాశాల విద్యార్థులకు ఇది తగిన సేవ. వస్తువు ఎవరు చేయించారో, ఎలా వచ్చిందో చెప్పగల పెద్దలు ఇంట ఉండగానే ఆ వివరాలు అడిగి వ్రాసుకోవాలి. వారి జ్ఞాపకం గతిస్తే, వస్తువు ఇంట ఉన్నా దాని చరిత్ర పోయినట్లే.